ఏడు సెంటీమీటర్ల దగ్గర వెన్నుసూది: ఒక మలికాన్పు కేసు

తెల్లవారుజామున 3:50కి లేబర్ రూమ్ నుంచి ఫోన్ వచ్చింది. "మేడమ్, పేషెంట్ సిజేరియన్ చేసేయమంటోంది. వాళ్లమ్మ కూడా అదే మాట. డ్యూటీ డాక్టర్ గారు ఓటీ (ఆపరేషన్ థియేటర్) సిద్ధం చేయమన్నారు" అంది సిస్టర్. బిడ్డ గుండె గురించి గానీ, కాన్పు ముందుకు సాగకపోవడం గురించి గానీ ఆమె ఒక్క మాటా చెప్పలేదు. కేస్ షీట్‌లో కారణం ఏం రాశారని అడిగాను. "పేషెంట్ రిక్వెస్ట్" అంది.

మాది తెలంగాణలో వంద పడకల ప్రభుత్వ ఆసుపత్రి. మత్తు డాక్టర్లం ఇద్దరం, రాత్రిపూట ఒక్కరమే ఉంటాం. ఎపిడ్యూరల్, అంటే వెన్నెముకలో నరాల పొర బయట సన్నని గొట్టం పెట్టి నొప్పి మందు పంపే పద్ధతి. దాని కిట్లు మా స్టోర్‌లో ఉన్నరోజు ఉంటాయి, లేనిరోజు లేవు. మందును కొలత ప్రకారం ఎక్కించే ఇన్ఫ్యూజన్ పంపులు మాత్రం అసలే లేవు. అలాంటి చోట కాన్పు నొప్పికి ఏం చేయగలమో ఈ కేసు చూపిస్తుందని రాస్తున్నాను. ఆమె అనుమతి తీసుకున్నాను. గుర్తుపట్టేలా ఉన్న వివరాలు మార్చాను.

వయసు 26. రెండో కాన్పు, 39 వారాలు నిండాయి. మొదటిది నాలుగేళ్ల కిందట నార్మలే, కానీ పద్దెనిమిది గంటలు నొప్పులు పడిందట. ఎత్తు 152 సెంటీమీటర్లు, బరువు 64 కిలోలు. హిమోగ్లోబిన్ 10.4, ప్లేట్‌లెట్లు 1 లక్షా 92 వేలు, బీపీ 118/74. షుగర్ లేదు, రక్తం పలచబడే మందులు వాడటం లేదు, జ్వరం లేదు. ఉమ్మనీరు రాత్రి రెండింటికి పోయింది, తెల్లగానే ఉంది. మూడింటికి 500 మిల్లీలీటర్ల సెలైన్‌లో నొప్పులు పెంచే మందు ఆక్సిటోసిన్ 5 యూనిట్లు కలిపి డ్రిప్ మొదలుపెట్టారు. నేను వెళ్లేసరికి పది నిమిషాలకు నాలుగు నొప్పులు వస్తున్నాయి. 4:10కి పరీక్ష చేస్తే గర్భాశయ ముఖద్వారం ఏడు సెంటీమీటర్లు తెరుచుకుంది, తల కిందికి దిగుతోంది. సీటీజీ (బిడ్డ గుండె వేగాన్నీ, నొప్పులనూ గీసి చూపే యంత్రం) పట్టీలో బిడ్డ గుండె నిమిషానికి 142, ఎగుడుదిగుడులు చక్కగా ఉన్నాయి. అంతకుముందు ఆమెకు నొప్పి తగ్గడానికి ఇచ్చిందల్లా ఒక ట్రమడాల్ ఇంజెక్షన్. దానివల్ల వాంతులు మాత్రం వచ్చాయి.

మంచం రాడ్డు రెండు చేతులా పట్టుకుని, "నాతోని అయితలేదు డాక్టరమ్మా, కోసి తీయుండ్రి" అంది.

ఈ మాట నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. కోయించుకోవాలని ఆమెకు లేదు. నొప్పి ఆగాలి, అంతే. అది ఆపేవాళ్లు అక్కడ ఎవరూ లేరు గనక, ఆపగలదని తనకు తెలిసిన ఒక్క దారినే అడుగుతోంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే. ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం, దేశం మొత్తం మీద 21.5. ఇన్ని ఆపరేషన్లకు కారణాలు చాలా ఉన్నాయి, నొప్పి ఒక్కటే కాదు. కానీ ఆపరేషన్ కోసం ఏ అర్ధరాత్రయినా దొరికే మత్తు డాక్టరు, నార్మల్ కాన్పు నొప్పికి మాత్రం దొరకకపోవడం మా వృత్తిలోని లోపమే. ఈ మాట నన్ను కూడా కలుపుకునే అంటున్నాను.

నొప్పి ఎంతని అడిగేటప్పుడు సున్నా నుంచి పది వరకు అంకె చెప్పమంటే మా దగ్గర చాలామందికి పొసగదు. నేను రూపాయిలో అడుగుతాను. "రూపాయిల ఎంత నొప్పి?" అన్నాను. "రూపాయి మీద రూపాయి" అంది.

ఎపిడ్యూరల్ ఎందుకు కాదు? కిట్ ఆ రాత్రి ఉన్నా నేను బహుశా వెన్నులోకే ఇచ్చేదాన్ని. ఎపిడ్యూరల్ పూర్తిగా పట్టడానికి పదిహేను, ఇరవై నిమిషాలు కావాలి, గొట్టం పెట్టడానికి ఇంకొంత సమయం. మలికాన్పు, ఏడు సెంటీమీటర్లు, నాలుగు నొప్పులు. ఇలాంటి తల్లి రెండు గంటల్లోపే కనే అవకాశం ఎక్కువ. ఒక్కసారి వెన్నులో ఇచ్చే చిన్న మోతాదు నాలుగైదు నిమిషాల్లో పనిచేసి, గంటన్నర నుంచి రెండు గంటలు ఉంటుంది. ఆమెకు కావాల్సిన కాలమూ, మందు పనిచేసే కాలమూ ఒకదానికొకటి సరిపోతున్నాయి. ఈ సరిపోలిక లేనప్పుడు ఈ పద్ధతి జోలికి పోకూడదని నేను అనుభవం మీద తెలుసుకున్నాను. కొన్నేళ్ల కిందట వేరే చోట, నాలుగు సెంటీమీటర్ల దగ్గర ఉన్న తొలిచూలు అమ్మాయికి ఇదే ఇచ్చాను. మొదటి రెండు గంటలు ఆమె నిద్రపోయింది. మందు దిగాక నొప్పి ఒక్కసారిగా మీద పడింది, అప్పటికి ఆరు సెంటీమీటర్లే. ముందునుంచీ పడుతూ వచ్చిన నొప్పి కంటే, పోయి తిరిగొచ్చిన నొప్పి తట్టుకోవడం కష్టం. ఆ అమ్మాయి నావైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది. తొలిచూలుకు, కాన్పు ఇంకా మొదట్లోనే ఉన్నవాళ్లకు గొట్టం పెట్టే ఎపిడ్యూరలే కావాలి. లేకపోతే లేదని నిజం చెప్పాలి.

సమ్మతి తీసుకోవడం నొప్పికీ నొప్పికీ మధ్య రెండేసి నిమిషాల్లో నడిచింది. వాళ్లమ్మ పక్కనే ఉంది. కాన్పు గదిలోకి తోడుగా ఒక ఆడమనిషిని రానివ్వడం ఇప్పుడు మా దగ్గర మామూలే, నాకది ఎంతో సాయం. మందు గంటన్నర పైన ఉంటుంది, ఒళ్లు దురదపెడుతుంది, కాళ్లు కొంచెం బరువెక్కవచ్చు, నూటికి ఒకరికి తర్వాత తలనొప్పి రావచ్చు, బిడ్డ గుండె కొన్ని నిమిషాలు నెమ్మదించవచ్చు, ఇవన్నీ చేసినా ఆపరేషన్ అవసరం పడవచ్చు అని చెప్పాను. కూతురు "ఏదైతే అది చేయుండ్రి" అంది. తల్లి మాత్రం నా చేయి పట్టుకుంది.

"నడుముల సూదేస్తే రేపు నాట్లకు వంగొస్తదా డాక్టరమ్మా?"

మంచి ప్రశ్న. రోజంతా వంగి పనిచేసేవాళ్లకు నడుమే ఆస్తి. సూది గుచ్చిన చోట రెండు మూడు రోజులు పుండులా ఉంటుందని, సంవత్సరాల తరబడి ఉండే నడుము నొప్పి ఈ సూది వేసుకున్నవాళ్లలోనూ వేసుకోనివాళ్లలోనూ ఒకేలా కనబడుతుందని చెప్పాను. చూలు బరువు, కాన్పు తర్వాత బిడ్డను ఎత్తుకుని పాలిచ్చే తీరు, విశ్రాంతి లేకపోవడం నడుమును పట్టేస్తాయి. నింద మాత్రం సూది మీద పడుతుంది. ఆమె పూర్తిగా నమ్మలేదు గానీ చేయి వదిలింది.

మందుల సంగతి కొంచెం విడమరిచి చెప్తాను, అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. సిజేరియన్‌కు మేం వాడేదీ ఇదే 0.5 శాతం హెవీ బూపివకెయిన్, వెన్నులో ఇచ్చే మత్తుమందు. అక్కడ రెండు మిల్లీలీటర్లు, అంటే 10 మిల్లీగ్రాములు ఇస్తాం. ఇక్కడ కావాల్సింది అర మిల్లీలీటరు, 2.5 మిల్లీగ్రాములే. నిద్రమత్తులో, అలవాటు కొద్దీ చేయి పూర్తి మోతాదు లాగేయగలదు. అందుకే కాన్పు నొప్పికి ఇచ్చేటప్పుడు నేను పెద్ద సిరంజీని ట్రేలో ఉండనివ్వను. ఒక మిల్లీలీటరు సిరంజీలోనే తీస్తాను. అందులో సగం బూపివకెయిన్, మిగతా సగం బలమైన నొప్పి మందు ఫెంటనిల్, 25 మైక్రోగ్రాములు. ఇక ఎక్కువ ఇవ్వాలన్నా చోటుండదు. ఫెంటనిల్ తాళం వేసిన బీరువాలో ఉంటుంది, రిజిస్టర్‌లో రాసి తీసుకోవాలి. తాళంచెవి వచ్చేసరికి పది నిమిషాలు పోయాయి. ఆ పది నిమిషాలు నొప్పి పడింది ఆమె.

ఇంకొకటి. లేబర్ రూమ్ ట్రేలో ట్రానెక్సమిక్ యాసిడ్ ఆంప్యూళ్లు ఎప్పుడూ ఉంటాయి, కాన్పు తర్వాత రక్తస్రావానికి వాడేవి. కొన్ని కంపెనీలవి చూడ్డానికి అచ్చం బూపివకెయిన్ ఆంప్యూల్లాగే ఉంటాయి. అది పొరపాటున వెన్నులోకి వెళితే ఫిట్స్ వచ్చి ప్రాణం పోయే ప్రమాదం ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో దీని మీద ప్రత్యేకంగా హెచ్చరిక కూడా ఇచ్చింది. ఓటీలో అయితే నా మందుల ట్రే నా ఒక్కదానిదే. లేబర్ రూమ్‌లో అందరి చేతులూ ఒకే ట్రేలో ఉంటాయి. అందుకని ఓటీ నుంచి నా ట్రే నేనే మోసుకెళతాను. ఆంప్యూల్ మీద పేరు పైకి చదువుతాను, సిస్టర్ చూసి మళ్లీ చదువుతుంది. ఆ రాత్రీ అలాగే చేశాం.

సూది 25 గేజ్ విటేకర్, పెన్సిల్ మొనది. మా స్టోర్‌లో వచ్చేది ఎక్కువగా కోసుకుంటూ పోయే క్విన్‌కీ మొన. తలనొప్పి దాంతోనే ఎక్కువ. పెన్సిల్ మొన సూదుల కోసం మూడుసార్లు ఇండెంట్ పెట్టి తెప్పించుకున్నాను.

4:35కి ఆమెను మంచం అంచున కూర్చోబెట్టాం. సిస్టర్ ఎదురుగా నిలబడి భుజాలు పట్టుకుంది, ఆమె తల సిస్టర్ భుజం మీద. నొప్పి వస్తున్నప్పుడు కదలకుండా కూర్చోమనడం అన్యాయం. ఒక నొప్పి పోయేదాకా ఆగి, చర్మాన్ని శుభ్రం చేసిన క్లోర్‌హెక్సిడిన్ ఆరాక, మూడు, నాలుగు నడుము పూసల మధ్య చర్మానికి మత్తిచ్చి సూది పెట్టాను. మొదటి ప్రయత్నంలోనే నీరు తేటగా వచ్చింది. మందు ఇచ్చిన సమయం 4:37. హెవీ మందు బరువు కొద్దీ కిందికి దిగుతుంది, కూర్చునే ఉంటే తొడల దగ్గరే ఆగిపోతుంది. ముఖద్వారం తెరుచుకునే నొప్పి పదో ఛాతీ నరం నుంచి మొదటి నడుము నరం దాకా పోతుంది. బిడ్డ బయటికి వచ్చేటప్పటి నొప్పి నడుము కిందున్న త్రిక నరాల్లో. రెండూ అందాలంటే మందు పైకీ పాకాలి. వెంటనే ఎడమ వైపుకు ఒత్తిగిలేలా పడుకోబెట్టాను.

మూడో నొప్పికల్లా ఆమె రాడ్డు వదిలేసింది. 4:44కి స్పిరిట్ దూదితో చూస్తే చల్లదనం తెలియని మేర బొడ్డుకు కాస్త పైదాకా ఉంది. కాళ్లు తనే ఎత్తగలుగుతోంది. "ఇప్పుడు రూపాయిల ఎంత?" అన్నాను. "చారాణ గూడ లేదు. కడుపు గట్టివడుడు తెలుస్తుంది గని నొస్తలేదు" అంది. కళ్లు మూసుకుంది.

మూడు నిమిషాలు కూడా కాలేదు, సీటీజీ చప్పుడు నెమ్మదించింది. 4:47కి బిడ్డ గుండె 140 నుంచి 85కి పడింది.

ఇక్కడ మొదట చూడాల్సింది తల్లి బీపీ. 106/64. అంటే వెన్నుమత్తు వల్ల బీపీ పడి బిడ్డకు రక్తం తగ్గిందనుకోవడానికి లేదు. పొట్ట మీద చేయి పెట్టాను. గర్భాశయం రాయిలా బిగుసుకుని ఉంది, వదలడం లేదు. నొప్పి పడుతున్నంతసేపు తల్లి ఒంట్లో అడ్రినలిన్ ఎక్కువగా ఉంటుంది, అది గర్భాశయాన్ని కొంత సడలిస్తూ ఉంటుంది. వెన్నులో మందు నొప్పిని నిమిషాల్లో మాయం చేసేసరికి అడ్రినలిన్ ఉన్నట్టుండి పడిపోతుంది. నార్‌అడ్రినలిన్ అంత త్వరగా పడదు. సడలించే చేయి పోయి బిగించే చేయి మిగులుతుంది. దీనికి ఇచ్చే ప్రధాన వివరణ ఇది. పైగా ఆక్సిటోసిన్ డ్రిప్ ఇంకా నడుస్తోంది. సూది వేసే ముందే ఆ డ్రిప్ వేగం తగ్గించమని నేను చెప్పాల్సింది. చెప్పలేదు. ఈ కేసులో నా తప్పు అదే.

డ్రిప్ ఆపించాను. ఆమెను పూర్తిగా ఎడమ పక్కకు తిప్పాం, ఉత్త సెలైన్ వేగంగా వదిలాం. డ్యూటీ డాక్టర్ "ఓటీకి తీసుకెళ్దామా మేడమ్?" అన్నారు. ఆయన అడగడంలో తప్పు లేదు. 85 అంకె చూస్తూ నిలబడటం ఎవరికైనా కష్టమే. "ఓటీ తలుపులు తీయించండి, స్ట్రెచర్ పక్కకు తెప్పించండి. గర్భాశయాన్ని సడలించే టెర్బ్యుటలిన్ ఇచ్చి గడియారం చూద్దాం. 4:54కి తేరుకోకపోతే కదులుదాం" అన్నాను. చర్మం కింద 0.25 మిల్లీగ్రాముల టెర్బ్యుటలిన్ ఇచ్చాం. లోపల పరీక్ష చేసి బొడ్డుతాడు జారలేదని ఆయన నిర్ధారించారు. తల బాగా కిందికి వచ్చింది, ఎనిమిది సెంటీమీటర్లు.

4:51కి నా చేతి కింద గర్భాశయం మెత్తబడింది. గుండె 96, 110, 128. 4:53కి 138 దగ్గర నిలబడింది. ఆ ఆరు నిమిషాల్లో ఆ గదిలో ఎవ్వరం గట్టిగా మాట్లాడలేదు. తల్లి నాడి మాత్రం టెర్బ్యుటలిన్ వల్ల 118కి పోయింది, అరగంటలో సర్దుకుంది.

వెన్నులో ఫెంటనిల్ ఇచ్చినప్పుడు ఇలా జరగడం ఎపిడ్యూరల్ కంటే ఎక్కువ. దాదాపు ఎప్పుడూ మొదటి అరగంటలోనే వస్తుంది, సరిగా చూసుకుంటే ఐదు, పది నిమిషాల్లో పోతుంది. అందువల్ల సూది వేసి వెళ్లిపోయే డాక్టరు ఈ సూది వేయకూడదు. మొదటి అరగంట సీటీజీ పక్కన కూర్చోలేని రోజు నేనూ వేయను. అలాగే, ఈ తగ్గుదల తాత్కాలికమని తెలియని చోట దీన్ని చూడగానే అనవసరంగా పొట్ట కోసే ప్రమాదం ఉంది. నొప్పి తగ్గిస్తే సిజేరియన్లు పెరుగుతాయన్న మాట కొంత ఇలాగే పుట్టి ఉంటుందని నా ఊహ. షికాగోలో సింథియా వాంగ్ బృందం 750 మంది తొలికాన్పు స్త్రీలపై చేసి 2005లో ప్రచురించిన అధ్యయనంలో, కాన్పు మొదట్లోనే వెన్నులో ఫెంటనిల్ ఇచ్చినవారిలో సిజేరియన్లు 17.8 శాతం. ముందు మామూలు ఇంజెక్షన్లతో నెట్టుకొచ్చి ఆనక ఎపిడ్యూరల్ ఇచ్చినవారిలో 20.7. పెరగలేదు.

తర్వాతిదంతా త్వరగా చెప్పవచ్చు. ముక్కు, పొట్ట దురద పెట్టాయి, రుద్దుకుంటూనే ఉంది, మందు అడగలేదు. మూత్రం తెలియకపోవచ్చని 5:25కి ఒకసారి గొట్టంతో తీశారు. నొప్పులు కొంచెం పలచబడ్డాయి, 5:30కి ఆక్సిటోసిన్ సగం వేగంతో మళ్లీ మొదలుపెట్టాం. 5:48కి పూర్తిగా తెరుచుకుంది. ముక్కడానికి బలం ఉంటుందా అని వాళ్లమ్మ భయపడింది. 2.5 మిల్లీగ్రాముల మోతాదుకు పొట్ట కండరాలు చచ్చుబడవు. ఒత్తిడి తెలుస్తూనే ఉంది, ఎప్పుడు ముక్కాలో సిస్టర్ చెప్పనక్కర్లేకపోయింది. 6:21కి ఆడపిల్ల, 2.9 కిలోలు, పుట్టగానే ఏడ్చింది. పుట్టిన బిడ్డ స్థితికి పదికి వేసే ఆప్గార్ మార్కులు మొదటి నిమిషంలో 8, ఐదో నిమిషంలో 9. కండకు 10 యూనిట్ల ఆక్సిటోసిన్, ఏడు నిమిషాలకు మాయ పడింది, రక్తస్రావం మామూలుగానే ఉంది.

చిన్న చిరుగు పడింది. కుట్లు వేసేసరికి మందు ఇచ్చి రెండు గంటలు దాటుతోంది, మొదటి కుట్టుకు ఆమె ఉలిక్కిపడింది. అక్కడ లిగ్నోకెయిన్ వేసి పూర్తిచేశారు. కుట్ల దాకా ఈ మందు ఆగుతుందని తల్లికి మాటివ్వకూడదు.

గుండె తేరుకోకుండా నిజంగానే ఓటీకి పోవాల్సి వచ్చి ఉంటే? ఈ ప్రశ్న నా జూనియర్ మర్నాడు అడిగింది. గొట్టం లేదు గనక మోతాదు పెంచే వీల్లేదు. మళ్లీ వెన్నులో ఇవ్వవచ్చు, కానీ మొదటి మందు ఇంకా పనిచేస్తుండగా మామూలు మోతాదు ఇస్తే మత్తు ఛాతీ పైదాకా ఎక్కి ఊపిరి కష్టమయ్యే ప్రమాదం ఉంది. మోతాదు తగ్గించి, కూర్చోబెట్టి, గొంతులో గొట్టం వేసే సరంజామా చేతికందేలా పెట్టుకుని ఇవ్వాలి. అంత వ్యవధి లేకపోతే పూర్తి మత్తు. ఆ రాత్రి పూర్తి మత్తుకు వాడే థయోపెంటోన్, సక్సినైల్‌కోలిన్ సిద్ధంగానే ఉంచాను. 1900లో బాసెల్‌లో ఆస్కర్ క్రైస్ ఆరుగురు తల్లులకు వెన్నులో కొకైన్ ఇచ్చి కాన్పు నొప్పి ఆపినప్పుడు ఆయనకు ఇవేవీ లేవు. మాకు ఉన్నాయి, మాలాంటి వంద పడకల ఆసుపత్రిలోనూ ఉన్నాయి. ఓటీ నుంచి లేబర్ రూమ్‌కు ముప్పై అడుగులు నడిపించడమే మిగిలింది.

మర్నాడు, ఆ తర్వాతి రోజు వార్డుకెళ్లి చూశాను. కూర్చున్నప్పుడు తలనొప్పి లేదు. కాళ్లలో తిమ్మిరి లేదు. పాలు పడుతున్నాయి. కేస్ షీట్‌లో "పేషెంట్ రిక్వెస్ట్" అన్న పంక్తి కొట్టేసి ఉంది. అంతకంటే ముఖ్యంగా, లేబర్ రూమ్‌లో ఆక్సిటోసిన్ స్టాండ్‌కు సిస్టర్ ఒక అట్టముక్క కట్టింది: వెన్నుసూదికి ముందు డ్రిప్ ఆపాలి.

ఏడో రోజు ఫోన్ చేస్తే వాళ్లమ్మ ఎత్తింది. బిడ్డ బాగుందని, కూతురికి తలనొప్పి రాలేదని, సూది గుచ్చిన చోట కూడా నొప్పి పోయిందని చెప్పింది. నడుము సంగతి అడిగాను.

"ఇప్పుడైతే మంచిగనే ఉన్నది. వానకాలం నాట్లప్పుడు చూసి చెప్త డాక్టరమ్మా."

జులైలో మళ్లీ ఫోన్ చేయాలని డైరీలో రాసుకున్నాను.